ఎంపీతో పార్లమెంట్‌లో మంత్రిని ప్రశ్న అడిగించడం ఎలా? (రాయగడ, గజపతి, కోరాపుట్, మల్కన్‌గిరి వైపు మనవాళ్ల కోసం)

రాయగడలో మాది టైపింగు, జిరాక్స్ షాపు. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ కొడతాం కాబట్టి అర్జీలన్నీ మా దగ్గరికే వస్తాయి. వచ్చినవాళ్లలో సగం మంది అడిగేది ఒకటే, "ఎంపీ గారికి గట్టిగా ఒక లెటర్ కొట్టండి, మన సంగతి పార్లమెంట్‌లో మంత్రిని నిలదీయాలి" అని. సరే అని కొట్టిస్తాం, వాళ్లు తీస్కెళ్లి శాలువా కప్పి ఫొటో దిగి ఇచ్చేసి వస్తారు, ఆ తర్వాత ఏటీ అవదు. ఆర్నెల్లకి మళ్లీ వస్తారు, అదే లెటరు, డేటు మాత్రం మార్చి ఇంకో ప్రింటు.

తప్పు ఎంపీది ఒక్కడిదే కాదండి. మనం ఇచ్చింది అర్జీ, ఆయనకి కావల్సింది ప్రశ్న. అర్జీ మీద ఎంపీ ఒక కవరింగ్ లెటర్ పెట్టి శాఖకి పంపిస్తాడు, అక్కణ్నుంచి "పరిశీలిస్తున్నాం" అని ఒక ముక్క వస్తుంది, లేదంటే అదీ రాదు. అదే సంగతి సభలో ప్రశ్నగా ఒప్పుకున్నారంటే ఫలానా తేదీన మంత్రి పేరు మీద జవాబు వచ్చి తీరాలి, అది రికార్డులో ఉండిపోద్ది, అందులో తప్పు చెప్తే తర్వాత దాన్ని పట్టుకోవచ్చు. తేడా అంతా ఇక్కడే ఉంది. ఎలా చేయాలో నాకు తెలిసినంతా రాస్తున్నాను, ఇంక షాపులో నిలబడి ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేదు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- మీ సమస్య ఒకే ఒక్క వాక్యంలో. రెండో వాక్యం రాయాల్సి వచ్చిందంటే అవి రెండు సమస్యలు, రెండు ప్రశ్నలు.
- దానికి సంబంధించి ఒక్క ప్రభుత్వ కాగితం. ఆర్డరు, టెండరు నోటీసు, ఆర్టీఐ జవాబు, పాత పార్లమెంట్ జవాబు, ఏదైనా పర్లేదు. పేపర్ కటింగ్ సరిపోదు, పత్రికల్లో వచ్చిందని అడిగితే దాని పూచీ ఎంపీ నెత్తిన పడుద్ది, అందుకే ఆయన వెనకాడతాడు.
- మీ లోక్‌సభ సీటు ఏదో కచ్చితంగా తెలిసుండాలి. నవ్వకండి, పర్లాకిమిడి వాళ్లు కోరాపుట్ ఎంపీకి రాసినవి నేను చూశాను. రాయగడ, గుణుపురం, బిసంకటక్, జయపురం, పొట్టంగి ఇవన్నీ కోరాపుట్ సీటు కిందకొస్తాయి. పర్లాకిమిడి, మోహనా బరంపురం కింద. మల్కన్‌గిరి, చిత్రకొండ నబరంగ్‌పూర్ కింద.
- ఎంపీ గారి ఢిల్లీ పీఏ నంబరు. ఇక్కడ ఊళ్లో తిరిగే పీఏ వేరు, ఎంపీ లాగిన్‌తో పార్లమెంట్ పోర్టల్‌లో ప్రశ్నలెక్కించే పీఏ వేరు. మీకు కావల్సింది రెండో ఆయన.
- ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ టైపు చేసిన ఒక పేజీ. తెలుగులో ఆలోచించండి, తెలుగులోనే రాసుకోండి, ఇచ్చేది మాత్రం అలాగ.

1. ఇది ఢిల్లీ సంగతా, భువనేశ్వర్ సంగతా తేల్చుకోండి

వందలో సగం ఇక్కడే పోతాయి. ఊరి రోడ్డు, బడిలో మాస్టరు ఖాళీ, ఆస్పత్రిలో డాక్టరు లేకపోవడం, పట్టా, పోలీసు, ఇవన్నీ రాష్ట్రానివి. పార్లమెంట్‌లో అడిగితే ప్రశ్నని ఒప్పుకోరు, ఒప్పుకున్నా "ఇది రాష్ట్ర పరిధిలోని విషయం" అని ఒక్క లైను వస్తుంది. వీటికి మీ ఎమ్మెల్యేని పట్టుకోండి, 147 మంది ఉన్న ఒడిశా అసెంబ్లీలో కూడా ప్రశ్నల టైము ఉంటుంది, పద్ధతి దాదాపు ఇదే, కాకపోతే కాగితం ఒడియాలో ఇవ్వండి. రైలు, నేషనల్ హైవే, పోస్టాఫీసు, బ్యాంకు, టెలికం, ఏకలవ్య స్కూళ్లు, వంశధార లాంటి అంతర్రాష్ట్ర నీళ్లు, ఇవి ఢిల్లీవి.

కొన్ని రెండు వైపులా ఉంటాయి, ఒడిశాలో మన తెలుగు చదువు సంగతి అలాంటిదే. "మా బడికి తెలుగు మాస్టర్ని వెయ్యండి" అంటే అది భువనేశ్వర్. కానీ రాజ్యాంగంలో 350ఎ అని ఉంది, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పే సదుపాయం రాష్ట్రం కల్పించాలి అంటుంది. దాని పక్కనే 350బి, భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేక అధికారి ఉండాలి, ఆయన రిపోర్టులు పార్లమెంట్ రెండు సభల ముందూ పెట్టాలి అని. ఈ రెండూ 1956లో ఏడో సవరణతో వచ్చాయి. అంటే ఆ రిపోర్టు గురించి కేంద్రమంత్రిని నిక్షేపంగా అడగొచ్చు. మాస్టరు పోస్టు ఎమ్మెల్యేతో, రిపోర్టు ఎంపీతో, రెండు వైపుల నుంచీ ఒకేసారి అడిగిస్తే ఒక జవాబు ఇంకోదానికి సాక్ష్యం అవుద్ది.

జాగ్రత్త: కోర్టులో నడుస్తున్న విషయాన్ని ప్రశ్నగా ఒప్పుకోరు. ఒడిశా, ఆంధ్ర మధ్య కొఠియా ఊళ్ల హద్దు గొడవ 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది, 2021లో పంచాయతీ ఎన్నికలప్పుడు మళ్లీ ఎక్కింది. అది ఎవరిది అని అడగాలనుకుంటే మీ కాగితం, మీ టైము రెండూ వేస్టు.

2. ఇంతకుముందు ఎవరైనా అడిగారేమో చూడండి

సంసద్ డాట్ ఇన్ అనే సైటులో లోక్‌సభ, రాజ్యసభ రెండింటి ప్రశ్నలూ, జవాబులూ ఉంటాయి. మీ ఊరు పేరు, ప్రాజెక్టు పేరు కొట్టి వెతకండి. స్పెల్లింగు రెండు మూడు రకాలుగా ట్రై చెయ్యాలి, గుణుపురం, పర్లాకిమిడి లాంటి పేర్లు ఒక్కో శాఖ ఒక్కోలా రాస్తుంది.

ఇది ఎందుకంటే, ఇప్పటికే జవాబొచ్చిన ప్రశ్నని మళ్లీ అడిగితే కొట్టేస్తారు. ఇంకో లాభం ఏటంటే పాత జవాబు మీ చేతిలో ఉంటే సగం పని అయిపోయినట్టే. "ఫలానా తేదీన ఫలానా నంబరు ప్రశ్నకి ఇచ్చిన జవాబులో ఇలా చెప్పారు, ఆ తర్వాత ఏం జరిగింది" అని మొదలెట్టిన ప్రశ్నకి శాఖలో ఫైలు కదులుద్ది, ఎందుకంటే ఇప్పుడు వాళ్ల మాటే వాళ్లకి అడ్డం.

3. క్యాలెండరు పెట్టుకుని లెక్కేయండి

సెషన్లు మామూలుగా మూడు, బడ్జెట్‌వి జనవరి ఆఖరు నుంచి, వానాకాలంవి జులై ఆగస్టుల్లో, చలికాలంవి నవంబరు డిసెంబరుల్లో. లోక్‌సభలో ప్రశ్నకి 15 పూర్తి రోజుల నోటీసు ఉండాలి. పూర్తి రోజులంటే నోటీసిచ్చిన రోజు, జవాబొచ్చే రోజు రెండూ తీసేసి మధ్యలో 15. ఆగస్టు 6న జవాబు కావాలంటే జులై 21కే లోపల పడాలి. మనవాళ్లేమో సెషన్ టీవీలో మొదలయ్యాక కాగితం పట్టుకుని బయల్దేరతారు.

ఇంకోటి, శాఖలన్నింటినీ గ్రూపులు చేసి వారంలో ఒక్కో శాఖకి ఒక్కో రోజు ఇస్తారు. మీ శాఖది ఏ రోజో సెషన్‌తో పాటు వచ్చే చార్టులో ఉంటుంది, పీఏ దగ్గర ఉంటుంది అడగండి. ఆ తేదీల నుంచి వెనక్కి లెక్కేసుకుని, దానికి ఇంకో పది రోజులు ముందే కాగితం ఆయన చేతికి చేరాలి. ఆఖరి రోజున ఇస్తే పీఏ "చూస్తాను ఆజ్ఞా" అంటాడు, ఒడియాలో ఆజ్ఞా అంటే "అండీ" అని మర్యాద మాట, ఇక్కడ మాత్రం పని అవదని అర్థం.

4. ప్రశ్న రాయడం, అసలు పని ఇదే

మొదటిసారి మా వీధివాళ్లందరం కలిసి రాసిన కాగితం నాకింకా గుర్తుంది. పదకొండు డిమాండ్లు, మధ్యలో "ఇంకెన్నాళ్లీ నిర్లక్ష్యం" అని రెండు సార్లు, కింద నలభై సంతకాలు. తీస్కెళ్లి ఇస్తే అక్కడున్న కుర్రాడు చదివి మర్యాదగా తలూపి పక్కన పెట్టాడు, కాసేపటికి టీ గ్లాసు దాని మీదే పెట్టుకున్నాడు. తర్వాత తెలిసిందేటంటే ప్రశ్న 150 మాటలు దాటకూడదు, అందులో వాదన, ఆరోపణ, ఊహ, వ్యంగ్యం ఉండకూడదు. మా కాగితంలో అవి తప్ప ఇంకేటీ లేవు.

ఇప్పుడు ఒక నిజం విషయం తీసుకుని చూపిస్తాను. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఎనిమిది రైల్వే ప్రాజెక్టులు ఒప్పుకుంది, అందులో గుణుపురం–తేరుబలి కొత్త లైను 73.62 కిలోమీటర్లు, భద్రాచలం మీదుగా మల్కన్‌గిరి–పాండురంగాపురం 173.61 కిలోమీటర్లు ఉన్నాయి. గుణుపురం వరకు ఇప్పుడున్న లైను సంగతి మీకు తెలిసిందే, 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న రైలుతో మొదలై, 1931లో గుణుపురం దాకా వచ్చి, బ్రాడ్‌గేజ్ అయ్యేసరికి 2011 అయింది. అందుకని మనవాళ్లు "ఇది కూడా ఎనభై ఏళ్లు పడుతుందా" అని రాయాలనుకుంటారు. రాయకండి. ఇలా రాయండి:

రైల్వే మంత్రి దయచేసి తెలుపుతారా:
అ) 2024 ఆగస్టులో ఆమోదించిన గుణుపురం–తేరుబలి కొత్త లైనుకు కావాల్సిన భూమి ఎన్ని హెక్టార్లు, ఇంతవరకు సేకరించింది ఎంత, తహసీల్ వారీగా;
ఆ) ఆమోదించినప్పటి నుంచి ఏడాది వారీగా కేటాయించిన నిధులు, ఖర్చయిన నిధులు ఎంతెంత;
ఇ) టెండర్లు పిలిచిన పనులు ఏవి, ఏ తేదీల్లో పిలిచారు, మరియు
ఈ) లైను పూర్తి చేయడానికి నిర్ణయించిన గడువు ఏమిటి?

చూశారా, ఒక్క కోపం మాట లేదు. కానీ ప్రతి లైనుకీ జవాబు ఒక అంకెగానీ తేదీగానీ అవ్వాలి. "చర్యలు తీసుకుంటున్నాం" అనే మాట హెక్టార్ల గడిలో పట్టదు. తహసీల్ వారీగా అని ఎందుకు పెట్టామంటే మొత్తం అంకె ఇచ్చేస్తే ఎక్కడ ఆగిందో మనకి తెలీదు.

తెలుగు చదువు ప్రశ్న అయితే అల్పసంఖ్యాక వ్యవహారాల మంత్రికి వెళ్తుంది: భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ రిపోర్టుల్లో ఆఖరుగా సభ ముందు పెట్టింది ఏ ఏడాదిది, ఏ తేదీన పెట్టారు; ఒడిశాలో తెలుగు ప్రాథమిక చదువు గురించి అందులో ఏమేం సిఫార్సులున్నాయి; వాటి మీద ఏం చేసిందో రాష్ట్రం కమిషనర్‌కి ఏం తెలిపింది. మూడు ముక్కలు, అంతే.

ఇక్కడ పెద్ద తప్పు ఒకటి చెప్తాను, నేను చేసిందే. ఒకసారి ఒక ఆఫీసు ఎత్తేస్తారని పుకారు. మొదటి ముక్క "ఎత్తేసే ప్రతిపాదన ఉన్న మాట వాస్తవమేనా", మిగతా మూడూ "ఉంటే కారణాలేంటి, ఎప్పుడు, ఉద్యోగుల సంగతేంటి" అని రాశాను. నెల తర్వాత జవాబు వచ్చింది. అ) లేదు. ఆ) నుంచి ఈ) వరకు: ఉత్పన్నం కావు. మొత్తం ప్రశ్న రెండు మాటల్లో ఖతం. కాబట్టి అన్ని ముక్కల్నీ మొదటి "అవునా కాదా" మేకుకి తగిలించకండి, ప్రతి ముక్కా తన కాళ్ల మీద తాను నిలబడాలి. అదే ప్రశ్నని "గత అయిదేళ్లలో ఆ ఆఫీసులో మంజూరైన పోస్టులు, ఖాళీలు, ఏడాది వారీగా" అని అడిగుంటే లేదు అనడానికి వీల్లేదు.

5. స్టార్ పెట్టాలా, వద్దా

స్టార్డ్ ప్రశ్నకి మంత్రి లేచి నోటితో జవాబు చెప్తాడు, దాని మీద అక్కడికక్కడే అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. అన్‌స్టార్డ్‌కి రాతలో జవాబు, అంతే. లోక్‌సభలో రోజుకి స్టార్డ్ 20, అన్‌స్టార్డ్ 230. రాజ్యసభలో 15, 160. ఎవరి ప్రశ్న వస్తుందో లాటరీ తీస్తారు. లోక్‌సభలో ఎంపీ ఒక రోజుకి అయిదు నోటీసులే ఇవ్వగలడు, అందులో లిస్టులోకొచ్చే స్టార్డ్ ఒక్కటే.

మనవాళ్లందరికీ స్టారే కావాలి, టీవీలో కనపడుద్దని. నా మాట వింటే, అంకెలు కావాలంటే అన్‌స్టార్డ్ పెట్టించండి. 20 స్టార్డ్‌లో గంటలో నోటిదాకా వచ్చేవి అయిదారు, గొడవ జరిగి సభ వాయిదా పడితే అవీ ఉండవు, అప్పుడు స్టార్డ్ జవాబులు కూడా రాతలోనే వస్తాయి. అంకెలు ముందే చేతిలో ఉండి మంత్రి దగ్గర మాట తీసుకోవాలి అనుకున్నప్పుడే స్టారు. ముందు సెషన్‌లో అన్‌స్టార్డ్, దాని జవాబు పట్టుకుని తర్వాత సెషన్‌లో స్టార్డ్, ఈ వరసలో అయితే మంత్రి తప్పించుకోడం కష్టం.

6. కాగితం చేతికివ్వడం

ఒక పేజీ ప్రశ్న, వెనకాల మీ ఆధారం కాగితం జిరాక్సు, పైన మీ పేరు, ఫోన్ నంబరు. అంతే. శాలువా ఖర్చు మిగులుద్ది. ఢిల్లీ పీఏకి అదే వర్డ్ ఫైలుగా వాట్సాప్ చెయ్యండి, ఫొటో తీసి పంపితే మళ్లీ టైపు చెయ్యాలని పక్కన పెట్టేస్తారు. అదే సంగతి మీద వేరే ఊరివాళ్లు కూడా విడిగా పంపితే ఇంకా మంచిది.

జాగ్రత్త, ఇది సీరియస్: డబ్బు మాట ఎవరైనా ఎత్తితే లేచి వచ్చేయండి. ప్రశ్నలడగడానికి డబ్బు తీసుకున్నారని 2005 డిసెంబరులో ఒకేసారి 11 మంది ఎంపీల సభ్యత్వం పోయింది. "లాగిన్ ఇస్తాం మీరే ఎక్కించుకోండి" అన్నా ఒప్పుకోకండి, 2023 డిసెంబరులో పోర్టల్ లాగిన్ బయటివాళ్లకిచ్చిన వ్యవహారంలో ఒక ఎంపీని సభ నుంచి పంపించేశారు.

"మా ఎంపీ అధికార పార్టీ, ఆయన వాళ్ల మంత్రినే ఏం అడుగుతాడు" అంటారు చాలామంది. అడగొచ్చు. 1957లో ఎల్ఐసీ డబ్బు హరిదాస్ ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల్లో పెట్టిన సంగతి లోక్‌సభలో బయటికి లాగింది కాంగ్రెస్ ఎంపీ ఫిరోజ్ గాంధీయే, ప్రభుత్వమూ కాంగ్రెస్‌దే. ఆ దెబ్బకి 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. మన ప్రశ్న అంత పెద్దది కాదు, అంకెలడిగే ప్రశ్నకి ఏ పార్టీ ఎంపీకీ అభ్యంతరం ఉండదు, తిట్లుంటేనే ఇబ్బంది.

మీ ఎంపీ పలక్కపోతే వేరే దార్లు: ఒడిశా నుంచి రాజ్యసభకి పది మంది ఉన్నారు, వాళ్లలో ఎవరైనా అడగొచ్చు. అసలు ఎంపీ తన సీటు గురించే అడగాలని రూలేం లేదు, అరకు, విజయనగరం ఎంపీలకి మన గోడు తెలుగులోనే చెప్పుకోవచ్చు, బోర్డరు రైళ్లు రెండు వైపులవీ కదా. శ్రీకాకుళం ఎంపీ దగ్గరికి మాత్రం ప్రశ్న పట్టుకెళ్లకండి, ఆయన 2024లో కేంద్రమంత్రి అయ్యారు, మంత్రులు జవాబు చెప్పే వైపు కూర్చుంటారు.

7. స్టార్డ్ వస్తే అనుబంధ ప్రశ్నలు రాసిపెట్టండి

లిస్టు వచ్చాక ప్రశ్న పైన ఉంటే, అంటే మొదటి అయిదారులో ఉంటే, వెంటనే పనిలో పడండి. అడిగిన ఎంపీకి మామూలుగా రెండు అనుబంధ ప్రశ్నలకి అవకాశం ఇస్తారు. రెండు చిన్న చీటీలు రాసిపెట్టండి, ఒక్కోదానిలో ఒక నిజం, ఒక ప్రశ్న, గట్టిగా చదివితే అరనిమిషం దాటకూడదు. "మీ జవాబులోనే ఇంత భూమి మిగిలి ఉందన్నారు, అది ఏ నెలలోగా పూర్తి చేస్తారో సభకి చెప్తారా?" ఇలాగ.

మన ఎంపీలు ఇక్కడ పాడు చేస్తారు. మైకు దొరికిందని నియోజకవర్గం చరిత్ర మొదలెడతారు, స్పీకరు ప్రశ్న అడగండి ప్రశ్న అడగండి అంటూ ఉంటారు, చివరికి ప్రశ్న అడిగే టైముకి మైకు ఆగిపోద్ది. మంత్రికి అది పండగ, ఆయనా ఇంకో ప్రసంగం చెప్పి కూర్చుంటాడు. రెండో చీటీ ఎప్పుడూ గడువు గురించే ఉండాలి. మంత్రి నోటితో "చూస్తాను", "విచారణ చేయిస్తాను" అన్నాడంటే అది హామీ లెక్కలోకి వస్తుంది, ఆ సంగతి కింద చెప్తాను.

8. జవాబు వచ్చింది, పని జరిగిందో లేదో చెక్ చెయ్యడం

జవాబు అదే రోజు సైటులో పెడతారు. ప్రింటు తీసి, ఎర్ర పెన్ను పట్టుకోండి. ప్రశ్నలో ఎన్ని అంకెలు అడిగామో వాటి కింద గీత గీసి, జవాబులో ఒక్కోటి దొరికినప్పుడల్లా టిక్కు పెట్టండి. చాలాసార్లు "అ) నుంచి ఈ) వరకు" అని అన్నీ కలిపేసి ఒక పేజీ రాస్తారు, చదవడానికి బాగుంటుంది, టిక్కులు చూస్తే ఒక్కటే ఉంటుంది. మా దగ్గరికి వచ్చినవాళ్లు పేజీ నిండా ఉందని సంబరపడి వెళ్లిపోతుంటారు, అందుకే ఈ పెన్ను పద్ధతి పెట్టాను.

ఎక్కువగా కనపడే మాటలు, వాటికి నా అర్థాలు:

"స్టేట్‌మెంట్ సభ ముందు ఉంచడమైంది": అసలు సరుకు వెనక పేజీలో ఉంది, ఫైలు మొత్తం డౌన్‌లోడ్ చెయ్యండి.

"ఇది నిరంతర ప్రక్రియ": లేదు అని. రైలు స్టాపుల ప్రశ్నలకి ఇది బాగా వస్తుంది, ట్రాఫిక్ సమర్థన, ఆపరేషన్ సాధ్యాసాధ్యాలు అని తోక కూడా ఉంటుంది. తర్వాతిసారి ఆ తోకనే పట్టుకోండి, మా స్టేషన్‌లో గత మూడేళ్ల టికెట్ల అమ్మకం ఎంత, స్టాపు ఇవ్వడానికి ఎంత ఉండాలి అని.

"రాష్ట్ర ప్రభుత్వం నుంచి భూమి అందాల్సి ఉంది": ఇది బంగారం. ఈ కాగితం పట్టుకుని సరాసరి ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లండి, ఇప్పుడు అసెంబ్లీ ప్రశ్న తయారు.

"సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం": జవాబు లేదనుకుని చించేస్తారు, చించకండి. ఇది హామీ.

9. జవాబు సరిగా లేకపోతే వదలకండి

మంత్రి సభలో ఇచ్చిన హామీల్ని చూడ్డానికి లోక్‌సభలో 15 మంది ఎంపీల కమిటీ ఉంది, హామీల కమిటీ అంటారు. "సేకరిస్తున్నాం", "పరిశీలనలో ఉంది", "విచారిస్తాను" లాంటి మాటలు అందులోకి వెళ్తాయి, మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే శాఖ గడువు పొడిగించమని కమిటీని అడుక్కోవాలి. జవాబు తేదీ నుంచి మూడు నెలలు క్యాలెండర్లో గుర్తు పెట్టుకుని, ఆ రోజు ఎంపీ చేత కమిటీకి ఒక లెటరు రాయించండి. ఇది ఎవరూ చెయ్యరు, అందుకే పనిచేస్తుంది.

జవాబులో అంకె తప్పు అని మీ దగ్గర కాగితం ఉంటే, స్పీకర్ ఆదేశాల్లో 115వది అని ఉంది, దాని కింద మంత్రి చెప్పింది తప్పని ఎంపీ రాసివ్వొచ్చు. ఆధారం గట్టిగా ఉంటేనే. మన ఊళ్లో ఎవరో చెప్పారని ఎంపీని ఇందులో ఇరికిస్తే ఆయన మళ్లీ మీ ఫోను ఎత్తడు.

జవాబు అర్థం కాకపోయినా, ఇంకా వివరం కావాలన్నా అరగంట చర్చ అడగొచ్చు, లోక్‌సభలో సోమ, బుధ, శుక్రవారాల్లో ఉంటుంది, మూడు రోజుల ముందు నోటీసివ్వాలి. దొరకడం కష్టం అనుకోండి.

ప్రశ్న కుదరకపోతే

లోక్‌సభలో 377 రూలు కింద ఎంపీ చిన్న కాగితం చదవొచ్చు లేదా సభకి ఇచ్చేయొచ్చు, శాఖ నుంచి రాతలో జవాబు వస్తుంది. రాజ్యసభలో దీనికి బదులు ఉండేది స్పెషల్ మెన్షన్, 250 మాటలు దాటకూడదు. జీరో అవర్‌లో లేచి మాట్లాడటం అందరికీ ఇష్టం, వీడియో బావుంటుంది, కానీ మంత్రి జవాబు చెప్పి తీరాలని లేదు, కాబట్టి వైరల్ అయింది కదా అని ఆగిపోకండి. బడ్జెట్ అప్పుడయితే కోత తీర్మానం ఉంది, శాఖ అడిగిన డబ్బు (డిమాండ్) నుంచి వంద రూపాయలు తగ్గించమని అడగడం, వంద కోసం కాదు, ఒక్క ప్రత్యేకమైన బాధ సభలో చెప్పుకోడానికి.

అవిశ్వాసం, విశ్వాసం లాంటి పెద్దవి మన పని కాదు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో ఒక్క ఓటు తేడాలో పడిపోయినప్పుడు వ్యతిరేకంగా వేసినవాళ్లలో కోరాపుట్ ఎంపీ గిరిధర్ గమాంగ్ కూడా ఉన్నారు, అప్పటికే ఆయన ఒడిశా ముఖ్యమంత్రి. ఇప్పటికీ గుణుపురం బస్టాండ్‌లో ఆ ఓటు గురించి వాదించుకుంటారు. మన ఎర్ర పెన్ను గురించి ఎవరూ వాదించుకోరు, పర్లేదు.

ఇంకో దారి ఆర్టీఐ, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇస్తే సరే, దాన్నే ప్రశ్నకి ఆధారం చేసుకోండి. ఇవ్వం అంటే అప్పీలుకెళ్లండి. పార్లమెంట్‌కి కాదనలేని సమాచారాన్ని మామూలు మనిషికీ కాదనకూడదు అని చట్టంలో ఒక మాట ఉండేది, 2025 నవంబరులో ఆ భాగం మారిపోయింది, ఇప్పుడు దాన్ని నమ్ముకోకండి.

మా షాపులో ఒక పొడుగు నోటుబుక్కు పెట్టాను. ఎవరి ప్రశ్న, ఏ శాఖ, పీఏకి ఇచ్చిన తేదీ, ప్రశ్న నంబరు, జవాబు తేదీ, టిక్కులెన్ని, మూడు నెలల గడువు ఎప్పుడు, ఇవి గడులు. మీరూ ఇంట్లో ఒకటి పెట్టుకోండి. పాత లెటర్‌కి డేటు మార్చి ప్రింటు కావాలంటే వేరే షాపుకెళ్లండి, ప్రశ్న రాయించుకోవాలంటే పాత జవాబు కాపీ తెచ్చుకుని రండి, మధ్యాహ్నం రెండు దాటాక అయితే ఖాళీగా ఉంటాను, ఆదివారం షాపు ఉండదు.